కుకీలు తుడిచేస్తే సరిపోతుందా? ముందు ఆ కంప్యూటర్ ఎవరిదో చూడండి

మీరు అడిగినవి మూడు సంగతులు. ఆన్‌లైన్‌లో ఒక చీర చూశారు, కొనలేదు. పది రోజులుగా ఏ వార్త చదవబోయినా పక్కన ఆ చీరే. క్రోమ్ లాంటి బ్రౌజర్ దాచుకునే కుకీలు, క్యాష్ డిలీట్ చేస్తే ఇది ఆగుతుందా అన్నది ఒకటి. పోయిన వారం నెట్ సెంటర్‌లో కూర్చుని ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టారు, పని కాగానే క్రోమ్ మూసేసి వచ్చేశారు, అక్కడ ఏమైనా మిగిలిపోయిందా అన్న టెన్షన్ రెండోది. మీ నాన్నగారి ఫోన్‌లో "వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి" అని పదే పదే వస్తోంది, క్లీనర్ యాప్ వేయాలా అన్నది మూడోది.

నేను నరసరావుపేటలో పన్నెండేళ్లు నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు ఒక కాలేజీలో ల్యాబ్ కంప్యూటర్లు చూసుకుంటున్నాను. మీరు చీరతో మొదలుపెట్టారు గానీ నేను నెట్ సెంటర్‌తో మొదలుపెడతాను. చీర యాడ్ చికాకు పెడుతుంది, అంతే. నెట్ సెంటర్‌లో మిగిలిపోయింది మీ ఆధార్ కావచ్చు.

ఆ రోజు అక్కడ ఏమేం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రిజిస్ట్రేషన్ మెయిల్ కోసం జీమెయిల్ తెరిచి ఉంటారు. ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఉంటారు. ఫోటో, సంతకం ఫోన్‌లో ఉంటే వాట్సాప్ వెబ్ స్కాన్ చేసి ఉంటారు, లేదా సెంటర్ వాళ్ల నంబర్‌కే పంపి ఉంటారు. చివరికి అప్లికేషన్ ప్రింట్ తీసుకుని ఉంటారు. ఇందులో ఒక్కొక్కటి ఒక్కో చోట మిగులుతుంది. కుకీలు డిలీట్ చేస్తే పోయేవి వాటిలో కొన్నే.

కుకీ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. గుడి దగ్గర చెప్పుల స్టాండులో చెప్పులు ఇస్తే నంబర్ ఉన్న టోకెన్ ఇస్తారు కదా. తిరిగి వచ్చాక మీ పేరూ ఊరూ అడగరు, టోకెన్ చూసి చెప్పులు ఇచ్చేస్తారు. వెబ్‌సైట్లు కూడా అంతే. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి మీరెవరో సైట్‌కు గుర్తుండదు, ఇంటర్నెట్‌లో పేజీలు పంపుకునే పద్ధతే అలాంటిది. అందుకని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఈ టోకెన్ పద్ధతి పెట్టాడు. మీరు లాగిన్ అవ్వగానే సైట్ ఒక పొడవాటి నంబర్ మీ బ్రౌజర్‌కు ఇస్తుంది. ఆ తర్వాత మీరు నొక్కే ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ నంబర్ చూపిస్తూ పోతుంది. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేది దానివల్లే. ఒక్కో కుకీ మహా అయితే 4 కేబీ ఉంటుంది. అది వైరస్ కాదు, ప్రోగ్రామ్ కూడా కాదు.

ఈ టోకెన్ మీ చేతిలో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. మీరు లేచి వెళ్లాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే అది వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఒక కౌన్సెలింగ్ సీజన్‌లో నా సెంటర్‌లోనే జరిగింది. ఒక కుర్రాడు కాలేజీ ఆప్షన్లు పెట్టుకున్నాడు, ట్యాబ్ మూశాడు, డబ్బులిచ్చి బస్సుకు టైమవుతోందని పరిగెత్తాడు. తర్వాత అదే సిస్టమ్ మీద కూర్చున్న అమ్మాయి అదే సైట్ తెరిచింది. లాగిన్ పేజీ రావాలి, రాలేదు. ఆ కుర్రాడి పేరు, హాల్ టికెట్ నంబర్, వరసగా అతని ఆప్షన్ల పట్టిక వచ్చేశాయి. ఆ అమ్మాయి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, "అంకుల్, ఒకసారి రండి" అని పిలిచింది. అక్కడ ఏదో ఒకటి మార్చి సేవ్ నొక్కి ఉంటే ఆ పిల్లాడి సీటు ఏమయ్యేదో! అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

అలా ఎందుకు జరిగిందంటే, అతను ట్యాబ్ మూశాడు గానీ క్రోమ్ మూయలేదు, వెనక ఇంకో విండో తెరిచే ఉంది. బ్రౌజర్ మొత్తం మూస్తేనే పోయే రకం కుకీలు కొన్ని ఉంటాయి, ట్యాబ్ మూస్తే అవి కదలవు. పైగా క్రోమ్ తెరవగానే పోయినసారి ఎక్కడ ఆపామో అక్కడి నుంచే మొదలయ్యేలా ఒక సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, మొత్తం మూసి తెరిచినా ఆ తాత్కాలిక కుకీలు మళ్లీ బతికి వస్తాయి. చాలా సెంటర్లలో అది ఆన్‌లోనే ఉంటుంది, ఎందుకంటే పొద్దున్నే పది సైట్లు వాటంతటవే తెరుచుకుంటే వాళ్లకు పని సులువు. కాబట్టి మీరు "క్రోమ్ మూసేసి వచ్చాను" అంటే లాగౌట్ అయినట్టు కాదు.

ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఏం చేయొచ్చో చెబుతాను. మీ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో "యువర్ డివైజెస్" అన్న చోటికి వెళ్లండి. మీ ఫోన్ కాకుండా విండోస్ కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే దాని మీద నొక్కి సైన్ ఔట్ ఇవ్వండి. చెప్పుల స్టాండు వాడి రిజిస్టర్‌లోనే ఆ నంబర్ కొట్టేయించినట్టు, ఇక ఆ టోకెన్ ఎవరి దగ్గరున్నా పనికిరాదు. జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. వాట్సాప్‌లో "లింక్డ్ డివైజెస్" తెరిచి అక్కడున్న కంప్యూటర్‌ను లాగౌట్ చేయండి. ఆ ఉద్యోగ అప్లికేషన్ సైట్‌లోకి ఫోన్ నుంచి వెళ్లి, పాస్‌వర్డ్ మార్చి, మీ వివరాలు మీరు పెట్టినట్టే ఉన్నాయో లేదో ఒకసారి చదువుకోండి.

ఆ తర్వాత ఒక్కసారి సెంటర్‌కు వెళ్లాల్సిందే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లను ఇంటి నుంచి తీయలేం. చాలామంది పొరపడేది ఇక్కడే: బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ హిస్టరీ తుడిస్తే పోయేది జాబితా మాత్రమే, ఫైల్ హార్డ్ డిస్క్‌లో అలాగే ఉంటుంది. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకండి. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. అదే ఫోల్డర్‌లో పక్కనే మీ అప్లికేషన్ పీడీఎఫ్ ఉంటుంది, దాని మొదటి పేజీలోనే మీ పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. తాళం, తాళంచెవి ఒకే మేకుకు తగిలించినట్టు. సెంటర్ ఆయన్ని మర్యాదగా అడగండి, డౌన్‌లోడ్స్‌లో, డెస్క్‌టాప్ మీద, రీసైకిల్ బిన్‌లో మీవి తీసేయించండి. ఆయన వాట్సాప్‌కు పంపి ఉంటే అక్కడా డిలీట్ చేయించండి. నిజాయితీగా సెంటర్ నడిపేవాళ్లు దీనికి ఏమీ అనుకోరు. నేనైతే గోడ మీద కాగితం అంటించి మరీ అడగమనేవాణ్ని.

ఈసారి బయటి కంప్యూటర్ మీద కూర్చుంటే, మొదటే క్రోమ్‌లో పైన కుడివైపు బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవండి. లేదా ఇన్‌కాగ్నిటో. ఆ విండోలన్నీ మూయగానే ఆ సెషన్‌లోని కుకీలు, హిస్టరీ పోతాయి. అయితే లేచేముందు ప్రతి సైట్‌లోనూ లాగౌట్ నొక్కండి, ఎందుకంటే కుకీ తుడిస్తే మీ చేతిలో టోకెన్ పోతుంది గానీ అవతల రిజిస్టర్‌లో నంబర్ అలాగే ఉంటుంది. మామూలు విండోలోనే పని చేసేసి ఉంటే, లాగౌట్ అయ్యాక కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. సమయం దగ్గర మొదట్లో వచ్చే "లాస్ట్ అవర్" అలాగే వదిలేయకండి. మీరు అక్కడ రెండు గంటలు కూర్చుని ఉంటే మొదటి గంటలో చేసింది మిగిలిపోతుంది. "24 అవర్స్" పెట్టి హిస్టరీ, కుకీలు, క్యాష్‌తో పాటు ఆటోఫిల్ అన్న గడిలోనూ టిక్ పెట్టండి.

ఆ ఆటోఫిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. నా సెంటర్‌లో ఒక కొత్త ఫారమ్ తెరిచి ఫోన్ నంబర్ గడిలో 9 అని ఒక్క అంకె కొడితే కింద వరసగా ఏడెనిమిది నంబర్లు దిగేవి. అన్నీ అంతకుముందు కూర్చున్నవాళ్లవే. మెయిల్ గడిలోనూ అంతే, తండ్రి పేరు గడిలోనూ అంతే. ఎవరూ హ్యాకింగ్ చేయలేదు, బ్రౌజర్ సాయం చేయబోయి అందరి వివరాలూ ముందు పెట్టింది. జీమెయిల్‌లోకి వెళ్లేటప్పుడు "క్రోమ్‌లో సైన్ ఇన్ అవుతారా" అని అడిగితే మాత్రం వద్దనండి. ఒప్పుకుంటే మీ ఇంటి పాస్‌వర్డ్‌లూ బుక్‌మార్కులూ ఆ కంప్యూటర్‌లోకి దిగివస్తాయి.

ఇన్‌కాగ్నిటో గురించి ఒక మాట. అది ఆ కంప్యూటర్‌లో ఆనవాళ్లు ఉంచదు, అంతవరకే. మీరు చూసే సైట్‌కు, మీ నెట్ కంపెనీకి, కాలేజీ నెట్‌వర్క్ నడిపే నాలాంటివాడికి మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. అమెరికాలో 2020లో దీని మీదే గూగుల్ మీద కేసు వేశారు, ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మా సమాచారం సేకరించారని. 2024లో రాజీకి వచ్చి, ఆ డేటా తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

ఇక చీర. మీరు షాపు సైట్ తెరిచినప్పుడు ఆ పేజీలో షాపు వాళ్లదే కాకుండా బయటి యాడ్ కంపెనీ తాలూకు చిన్న కోడ్ ముక్క ఉంటుంది. బ్రౌజర్ ఆ ముక్క కోసం యాడ్ కంపెనీ సర్వర్‌ను పలకరిస్తుంది, ఆ సర్వర్ మీ బ్రౌజర్‌కు తనదొక టోకెన్ ఇస్తుంది. రెండు గంటల తర్వాత మీరు వార్తల సైట్ తెరిస్తే అక్కడా అదే కంపెనీ యాడ్ గడి ఉంటుంది. బ్రౌజర్ ఆ టోకెన్‌నే చూపిస్తుంది. బజారులో ప్రతి షాపు గుమ్మం దగ్గరా ఒకే ఆసామి గుమాస్తాలు పుస్తకం పట్టుకుని నిలబడ్డారనుకోండి. మీ పేరు వాళ్లకు తెలియకపోవచ్చు. "ఈ నంబర్ మనిషి మంగళవారం మధ్యాహ్నం కంచిపట్టు చూసింది, కొనలేదు" అని మాత్రం తెలుసు. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. నేను ప్రైవసీకి అసలు దెబ్బ అనేది వీటినే. చీర దగ్గర నవ్వుకుంటాం. అదే మనిషి ఆస్పత్రి సైట్‌లో ఏ జబ్బు గురించి చదివాడో, ఎక్కడ అప్పు కోసం వెతికాడో కూడా అదే పుస్తకంలో పడుతుంటే?

అన్ని కుకీలూ డిలీట్ చేస్తే ఆ బ్రౌజర్‌లో మీ నంబర్ పోతుంది, యాడ్ కంపెనీకి మీరు కొత్త మనిషి. చీర ఆగే అవకాశం బాగానే ఉంది. కానీ మరుసటి పేజీ తెరవగానే కొత్త నంబర్ ఇస్తారు. తలుపు తెరిచి పెట్టి దుమ్ము ఊడ్చినట్టు ఉంటుంది. అందుకే మీ సొంత ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో వారం వారం తుడవడం కన్నా తలుపు మూయడం మేలని నా అభిప్రాయం. యాపిల్ వాళ్ల సఫారీ 2020 నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్ డబ్బాలోనే ఉంచుతుంది, ఒక సైట్‌లో ఇచ్చిన నంబర్ ఇంకో సైట్‌లో చూపించదు. క్రోమ్‌లో కూడా తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పింది, వాయిదాలు వేస్తూ వచ్చి 2024లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు చేత్తో చేసుకోవాల్సిందే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో థర్డ్ పార్టీ కుకీస్, అక్కడ బ్లాక్. అర నిమిషం పని. ఎప్పుడైనా ఒక సైట్‌లో పేమెంట్ పేజీయో వీడియోనో తెరుచుకోకపోతే, ఆ ఒక్క సైట్‌కు మాత్రం అనుమతి ఇచ్చుకోవచ్చు.

కుకీలకు ఒప్పుకోండి అని అడుగు నుంచి లేచే పట్టీలో రిజెక్ట్ అని ఉంటే అదే నొక్కండి, సైట్ మామూలుగానే నడుస్తుంది. యూరప్‌లో ఉండే మనవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. ఒప్పుకోవడం ఎంత సులువో కాదనడం అంత సులువుగా లేదని ఫ్రాన్స్‌లో 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేశారు. మన దేశంలో ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది.

చీర మీకు బ్రౌజర్‌లో కాకుండా ఏదైనా యాప్ లోపల కనిపిస్తుంటే మాత్రం కుకీలు తుడిచి లాభం లేదు. యాప్‌లు మిమ్మల్ని గుర్తుపట్టే దారులు వేరు: యాడ్‌ల కోసం ఫోన్‌కు ఉండే నంబర్ (యాడ్ ఐడీ), మీరు లాగిన్ అయిన మెయిల్, ఇచ్చిన ఫోన్ నంబర్. ఆండ్రాయిడ్‌లో ఫోన్ సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్ అనే చోట ఆ ఐడీని డిలీట్ చేయొచ్చు. అలాగే గూగుల్‌లో లాగిన్ అయి ఉండి వెతికినవి గూగుల్ అకౌంట్‌లోనే "మై యాక్టివిటీ"లో నిల్వ ఉంటాయి. బ్రౌజర్ ఎంత కడిగినా అక్కడిది కదలదు. అక్కడ ఆటో డిలీట్ 3 నెలలకు పెట్టుకోండి.

క్యాష్ గురించి ఎక్కువ చెప్పను. డబ్బుల క్యాష్ కాదు, కొందరు క్యాచీ అని కూడా అంటారు. ఒకసారి చూసిన సైట్ బొమ్మలు, డిజైన్ ఫైళ్లు మళ్లీ మళ్లీ తెప్పించకుండా బ్రౌజర్ దాచుకునే గూడు అది. పరాయి కంప్యూటర్‌లో అయితే మీరు చూసిన బొమ్మలు అందులో ఉండిపోతాయి కాబట్టి తుడవాలి. సొంత ఫోన్‌లో ప్రైవసీ కోసమని రోజూ తుడిస్తే పేజీలు నెమ్మదిస్తాయి, డేటా అయిపోతుంది, పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒకప్పుడు క్యాష్‌ను అడ్డం పెట్టుకుని కూడా మనుషుల్ని గుర్తుపట్టేవారు. 2020లో క్రోమ్, 2021లో ఫైర్‌ఫాక్స్ ఏ సైట్ క్యాష్‌ను దానికే విడిగా పెట్టి ఆ దారి చాలావరకు మూసేశాయి. పేజీ విరిగిపోయినట్టు కనిపించినా, ఫలితాలు వచ్చాయని అందరూ అంటున్నా మీకు పాత పేజీయే వస్తున్నా అప్పుడు తుడవండి. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్5 నొక్కితే ఆ ఒక్క పేజీ కొత్తగా దిగుతుంది.

ఇక ఇవన్నీ ఎన్ని రోజులకోసారి తుడవాలంటారా? సొంత ఫోన్‌కు నేను గడువు పెట్టను. ఫోన్ రిపేరుకు ఇచ్చేముందు, ల్యాప్‌టాప్ ఇంకొకరికి కొన్నాళ్లు ఇచ్చేముందు తప్పనిసరిగా. మిగతా రోజుల్లో ఇష్టంలేని ఒకటి రెండు సైట్ల డేటా విడిగా తీసుకుంటే చాలు, అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కితే ఆ సైట్ కుకీలు కనిపిస్తాయి. మొత్తం తుడిస్తే దాదాపు అన్ని సైట్ల నుంచీ బయటికి వచ్చేస్తారు, మళ్లీ పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు. సొంత ఫోన్‌లో తుడిచేటప్పుడు పాస్‌వర్డ్స్ అన్న గడిలో టిక్ లేకుండా చూసుకోండి. సింక్ (ఒకే అకౌంట్‌తో ఫోన్‌నూ ల్యాప్‌టాప్‌నూ కలిపి ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఫోన్‌లో తీసిన హిస్టరీ, పాస్‌వర్డ్‌లు ల్యాప్‌టాప్‌లోనూ పోతాయి.

మీ నాన్నగారి ఫోన్‌లోది దాదాపు ఖాయంగా వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైట్ "అలో" నొక్కమంటే నొక్కి ఉంటారు. ఆ సైట్‌కు నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది, అది "వైరస్ ఉంది" అని భయపెడుతూ క్లీనర్ యాప్ అమ్ముకుంటోంది. కుకీలు, క్యాష్ తుడిచినా ఆ అనుమతి పోదు, అది విడిగా సైట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. ముక్కూ మొహం తెలియని పేర్లు కనిపిస్తాయి, ఒక్కొక్కటి నొక్కి బ్లాక్ చేయండి. క్లీనర్ యాప్ వద్దు, ఇప్పటికే వేసి ఉంటే తీసేయండి. అలాంటి యాప్‌లకు ఫోన్‌లోని ఫైళ్లన్నీ చూసే అనుమతి ఇస్తాం. ప్రైవసీ కోసమని వేసి ఇల్లంతా అప్పగించినట్టు అవుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్ లోపల క్రోమ్ తెరిస్తే "క్లియర్ క్యాష్" అని ఒకటి, "క్లియర్ స్టోరేజ్" (కొన్ని ఫోన్లలో "మేనేజ్ స్పేస్" లోపల "క్లియర్ ఆల్ డేటా") అని ఇంకొకటి ఉంటాయి. మొదటిది నొక్కినా నష్టం లేదు. రెండోది నొక్కితే తెరిచి ఉంచిన పేజీలు, లాగిన్‌లు అన్నీ పోతాయి. ఆయన పాస్‌వర్డ్‌లు ఎక్కడైనా రాసి ఉన్నాయో లేదో పక్కన కూర్చుని అడిగాకే దాని జోలికి వెళ్లండి.